మూడు పాదాల్లో ఒక తగవు

కథలో సంఘర్షణ పెరగడానికి చోటు ఉంటుంది. ఇద్దరు మనుషులను పరిచయం చేసి, వారి కోరికలు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూపించి, మాటా మాటా పెరిగి పోట్లాట అయ్యేదాకా పాఠకుణ్ణి వెంట నడిపించవచ్చు. పదిహేను ఇరవై అక్షరాల కవితకు ఆ తీరిక లేదు. అందువల్లనే చాలామంది సంఘర్షణను చూపించే బదులు దాని పేరు చెప్పి ఊరుకుంటారు. ‘యుద్ధం’, ‘గాయం’, ‘మౌనం’ వంటి బరువైన మాటలు పాదానికొకటి చొప్పున వచ్చి కూర్చుంటాయి, చదివేవారికి మాత్రం ఎవరికి ఎవరితో ఏం పేచీ వచ్చిందో అంతుపట్టదు. నా ఉద్దేశంలో అతి చిన్న కవిత తగవును మొదటినుంచి చెప్పనక్కరలేదు, తేల్చనూ కూడదు. రెండు పక్షాలూ ఒకేచోట ఎదురుపడిన క్షణాన్ని పట్టుకుంటే చాలు.

ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేసిన ఇద్దరి గురించి రాయాలనుకుందాం. మొదట తట్టేది దాదాపు ఇలా ఉంటుంది:

మన మధ్య మౌనం
ఒక యుద్ధం
గెలిచేదెవరు?

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, గుర్తుంచుకోవడానికీ ఏమీ లేదు. భార్యాభర్తలకు ఎంత సరిపోతుందో రెండు దేశాలకూ అంతే సరిపోతుంది. ఇక్కడ కావలసింది ఉపమానం కాదు, చేతికి తగిలే ఒక వస్తువు.

మాటల్లేవు
చొక్కాకు ఊడిన గుండీ
ఆమె కుట్టింది

ఇప్పుడు ఇల్లు కనిపిస్తోంది, మనుషులు కనిపిస్తున్నారు. అయితే మూడో పాదానికి వచ్చేసరికి తగవు తీరిపోయింది. ఆమె తగ్గింది, అతను గమనించాడు, మనం హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తాం. చివరి పాదాన్ని కొద్దిగా కదిపి చూద్దాం:

మాటల్లేవు
చొక్కాకు ఊడిన గుండీ
ఎవరో కుట్టారు

కుట్టింది ఎవరో అతనికి తెలుసు, మనకూ తెలుసు. తెలిసి కూడా ‘ఎవరో’ అంటున్నాడంటే పంతం ఇంకా దిగలేదన్నమాట. అటువైపు కుట్టిన మనిషి కూడా ఆ మాట చెప్పుకోలేదు. మమకారం తన పని తాను చేసుకుపోయింది, బింకం తన చోట తాను అలాగే ఉంది. ఆ రెండూ ఒకే గుండీ దగ్గర తారసపడ్డాయి. కవితలో కోపం అన్న మాట ఎక్కడా లేకపోయినా ఇంట్లో ఎంత కోపం ఉందో తెలుస్తూనే ఉంది.

జపనీయుల మూడు పాదాల చిన్న కవిత హైకూలో ఈ ఎదురుపాటుకు నిర్మాణంలోనే చోటు కల్పించారు. 5, 7, 5 మాత్రల లెక్క గురించి అందరూ చెబుతారు గానీ, సంఘర్షణ దృష్ట్యా అంతకన్నా ముఖ్యమైనది కవితను రెండుగా కోసే విరుపు. కోతకు ఇటు ఒక దృశ్యం, అటు మరొకటి. వాటి మధ్య సంబంధం ఏమిటో కవి చెప్పడు. జపాన్ కవి బషో 1689లో హిరైజుమి అనే ఊళ్లో పాత యుద్ధభూమిని చూసి రాసిన హైకూలో ఒకవైపు వేసవి గడ్డి, మరోవైపు అక్కడ పోరాడిన వీరుల కలల ఆనవాళ్లు మాత్రమే ఉంటాయి. కత్తి లేదు, నెత్తురు లేదు, గెలిచిన పక్షం పేరు లేదు. మరో హైకూ కవి ఇస్సా తగవు ఇంకా లోపలిది. 1819లో పసికూతురు మశూచితో పోయాక అతను రాసిన హైకూ, ఈ లోకం మంచుబిందువు వంటిదని ఒప్పుకుంటుంది, ఆ ఒప్పుకోలునే మళ్లీ పలుకుతుంది, ఆపైన ‘అయినా’ అని ఆగిపోతుంది. ఏదీ నిలవదని నేర్పిన బౌద్ధం ఒక పక్షం, ఆ మాటకు తలవంచినా సమాధానపడలేని తండ్రి మరో పక్షం. ఏ పక్షానిదీ అబద్ధం కాదు కాబట్టే ఆ వాక్యం పూర్తి కాలేదు.

సంఘర్షణ అంటే మంచికీ చెడుకీ మధ్య జరిగేదే అన్న అలవాటును ముందు వదిలించుకోవాలి. చిన్న కవితలో చెడ్డవాణ్ణి ప్రవేశపెడితే మిగిలేది తిట్టు మాత్రమే. అఫ్గాన్లు మాట్లాడే పష్తూ భాషలోని లండయ్ అనే చిన్న కవితకు రెండే పాదాలు, మొదటిదానిలో 9 అక్షరాలు, రెండోదానిలో 13. పేరు చెప్పుకోని స్త్రీల నోళ్లలో ఎక్కువగా బతికిన ప్రక్రియ అది. 1880లో అఫ్గాన్లు బ్రిటిష్ సేనతో పోరాడిన మైవంద్ యుద్ధంలో మలాలై అనే యువతి పాడిందని చెప్పుకునే లండయ్‌లో, ఈ పోరులో నువ్వు నేలకొరగకపోతే అవమానానికి గుర్తుగా మిగల్చడానికే నిన్నెవరో కాపాడుతున్నట్టు అని ఆమె తన ప్రియుడితో అంటుంది. అతని ప్రాణం కోరవలసిన మనిషే అతని మరణానికి సిద్ధపడుతోంది. శత్రువు ఎదురుగా ఉన్నా అసలు పోరు ఆమెలోనే నడుస్తోంది.

మన వేమన ఆటవెలది కూడా ఎదురెదురు విషయాలను పక్కపక్కన నిలబెడుతుంది, కానీ మూడో పాదంలో సాధారణంగా తీర్పు చెప్పేస్తుంది. నీతి పద్యానికి అది బలమే. సంఘర్షణను మిగల్చాలనుకునే కవితకు ఆ దారి పనికిరాదు. తెలుగు కవి ఎన్. గోపి రూపొందించిన నానీ అనే చిన్న కవితలో నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు పాదాల్లో ఒక భావాంశం, చివరి రెండింటిలో మరొకటి ఉంటాయి కాబట్టి ఎదురుపాటుకు అనువైన చట్రం సిద్ధంగానే ఉంది. నాకు తరచుగా ఎదురయ్యే చిక్కల్లా, రెండో సగం మొదటి సగానికి చమత్కారమైన జవాబుగా మారిపోవడం. జవాబు దొరికిన చోట చప్పట్లు పడతాయి, తగవు చచ్చిపోతుంది. (సభలో చదివే కవితలకు ఈ జబ్బు మరీ ఎక్కువ.)

శీర్షిక విషయంలోనూ జాగ్రత్త అవసరం. పైన చెప్పిన గుండీ కవితకు ‘అహం’ అని పేరు పెడితే మూడు పాదాలు దాచిపెట్టినదాన్ని ఒక్క మాట బయటపెట్టేస్తుంది. శీర్షిక తప్పనిసరి అయితే ‘సోమవారం’ వంటిది మేలు. కనీసం అతను ఆ చొక్కా తొడుక్కుని పనికి బయలుదేరుతున్నాడన్న కొత్త సంగతి చెబుతుంది.

అన్ని తగవులూ ఈ కొలతలో ఇమడవు. ఎవరు ఎవరి భూమిని ఎప్పుడు ఆక్రమించారో తెలిస్తే తప్ప అర్థం కాని వివాదానికి పూర్వకథ కావాలి, పూర్వకథకు పాదాలు కావాలి. అటువంటి వస్తువును ఒక్క కవితలో కుక్కడం కన్నా, అదే సంఘటనను వేర్వేరు మనుషుల వైపునుంచి చూసే చిన్న కవితలను వరుసగా రాసి, ఒకదానికొకటి అడ్డుపడేలా అమర్చుకోవడం నయం.