కాట్టుపల్లికి వచ్చిన ఓడ

పోయిన ఆదివారం మీంజూరు మీదుగా పులికాట్ వెళ్తుంటే దూరాన చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవు క్రేన్లు కనిపించాయి. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళానికి సరుకులు చేరవేసే ‘చార్లెస్ డ్రూ’ అనే ఓడ మరమ్మతుకు వచ్చింది అక్కడికే. అమెరికా నౌకాదళపు ఓడ భారతదేశంలో మరమ్మతు చేయించుకోవడం అదే మొదటిసారి.

ఆ వార్త చదివిన రోజు విశాఖలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెబితే, ఆవిడ వెంటనే 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం సంగతి ఎత్తింది. అప్పుడు ఆవిడకు పదమూడేళ్లు. మహారాణిపేటలోని అద్దె ఇంట్లో కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించి, లాంతరు చిమ్నీకి సగం దాకా మసి పూసి, ఆ గుడ్డి వెలుతురులోనే అన్నాలు తినేవారట. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడుకు అద్దాలు గలగలలాడాయని, అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి అని తర్వాత తెలిసిందని ఇప్పటికీ చెబుతుంది. పది రోజులు గడిచాయో లేదో, అమెరికా తన అణు విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను ఇదే బంగాళాఖాతంలోకి పంపింది.

తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) అమెరికన్లను తరలించడానికే పంపామని పైకి చెప్పారు గానీ, అసలు కారణం చైనా దగ్గర ఉంది. ఆ జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ నుంచే రహస్యంగా పెకింగ్ (బీజింగ్) వెళ్లాడు. ఆ దారి తెరిచింది పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్. అందుకే, ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు అక్కడ పాకిస్తాన్ సైన్యం సాగించిన ఊచకోతపై ఏప్రిల్‌లోనే నిరసన టెలిగ్రాం పంపినా, యాహ్యాపై ఒత్తిడి తేవద్దని ఆ నెలాఖరులోనే నిక్సన్ స్వయంగా రాసిచ్చాడు. తర్వాత దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చినా ఆ తీరు మారలేదు. బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిపించారు. తన ప్రభుత్వానికే ఎదురు నిలిచి నిజం రాసిన ఆ ఉద్యోగి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అప్పుడు చైనాను దగ్గర చేసుకోవడానికి అమెరికా మనకు ఎదురు నిలిచింది. ఇప్పుడు చైనాను నిలువరించడానికి మనకు దగ్గరైంది. మరమ్మతు పని మన కార్మికులకు దొరకడం మంచిదే, దాన్ని నేను కాదనను. అయితే ఈ చెలిమిని మన మీద పుట్టుకొచ్చిన అభిమానంగా లెక్కవేసుకోవడం పొరపాటని మాత్రం చెప్పక తప్పదు.

పొరుగువాళ్ల కష్టాన్ని కూడా చైనా లెక్కల్లోంచే చూసే ఆ చూపు మనకూ అంటుకుంటోందన్నదే నా అసలు బాధ. 2024 ఆగస్టు 5న విద్యార్థుల ఉద్యమం ముందు నిలవలేక బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా వదిలి మన దేశానికి వచ్చినప్పుడు, ఆ రాత్రి నేను చూసిన టీవీ చర్చలన్నీ దీనివల్ల చైనాకు లాభమా, అమెరికాకు లాభమా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, కాల్పుల్లో పోయిన పిల్లలు ఎంతమందట అని అడిగింది. అంతసేపు చర్చలు విన్న నేను ఆవిడకు జవాబు చెప్పలేకపోయాను.