లింటియన్ నుంచి పాత తనిఖీలు తీసేయడం గురించి

నిన్న రాత్రి నా చిన్న ప్యాకేజీకి కొత్త వెర్షన్ బిల్డ్ చేసి, ఎప్పటిలాగే లింటియన్ నడిపాను. డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌కు ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిపెట్టిన సాఫ్ట్‌వేర్) చేసేవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా: అప్‌లోడ్ చేసే ముందు ప్యాకేజీలో తప్పులు వెతికిపెట్టే టూల్ ఇది, 1998 నుంచి ఉంది, పెర్ల్‌లో రాశారు. ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫో, పెడాంటిక్ అని స్థాయిలు ఉంటాయి, ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో పేరు ఉంటుంది, దాన్నే ట్యాగ్ అంటాం.

ఈసారి వచ్చిన ఫిర్యాదు నా కోడ్ మీద కాదు, ఎప్పుడో నేను రాసిపెట్టుకున్న ఓవర్‌రైడ్ మీద, అంటే ఫలానా ట్యాగ్‌ను చూపించొద్దని లింటియన్‌కు చెప్పే లైన్ మీద. ఆ ట్యాగే ఇప్పుడు లేదు, తీసేశారు. వెంటనే ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసే లింటియన్ చేంజ్‌లాగ్ తెరిచాను. అందులో చేర్చిన ట్యాగులు, తీసేసిన ట్యాగులు అని విడివిడిగా రాస్తారు. అందరూ మొదటి జాబితానే చూస్తారు గానీ నాకు రెండోదే ముఖ్యం అనిపిస్తుంది.

ఎందుకంటే తనిఖీ చేర్చడానికి కారణం దానంతట అదే దొరుకుతుంది, ఎక్కడో ఒక ప్యాకేజీ విరుగుతుంది, మళ్లీ అలా జరగకూడదని ఎవరో నాలుగు లైన్లు రాస్తారు. తీసేయమని మాత్రం ఎవరూ వచ్చి అడగరు. బిల్డ్‌కు రూట్ (అడ్మిన్) హక్కులు కావాలో లేదో చెప్పే రూల్స్-రిక్వైర్స్-రూట్ ఫీల్డు సంగతే తీసుకోండి. డెబ్ ప్యాకేజీలో ఫైళ్లు మామూలుగా రూట్ పేరు మీద ఉండాలి కాబట్టి బిల్డ్‌ను, రూట్‌గా నడుస్తున్నట్టు నటించే ఫేక్‌రూట్ కింద నడిపేవాళ్లం. అది అవసరం లేని ప్యాకేజీలు తమ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో ఈ ఫీల్డుకు 'నో' అని రాయాలి, రాయకపోతే పెడాంటిక్ స్థాయిలో ఒక ట్యాగ్ గుర్తు చేసేది. మంచి సలహానే, నేనూ పాటించాను. తర్వాత డెబియన్ ప్యాకేజీలను కట్టి, ఇన్‌స్టాల్ చేసే టూల్ డీపీకేజీ 1.22.13లో 'నో' అన్నదే డిఫాల్ట్ అయింది. ఇంక ఆ లైను రాయమని చెప్పడంలో అర్థం లేదు, పైగా కొత్తగా నేర్చుకునేవాళ్లు అవసరం లేని లైన్ రాసి, అది తప్పనిసరి అనుకుంటారు.

అలాగని రాత్రికి రాత్రి పీకేయడం కూడా కుదరదు. డెబియన్ 12లో ఉన్నది పాత 1.21 డీపీకేజీ. కొత్త ప్యాకేజీని ఆ పాత డెబియన్‌లో నడిచేలా బ్యాక్‌పోర్ట్ చేసేవాళ్లకు ఆ లైన్ ఇంకా పనికొస్తుంది.

కాబట్టి నా దృష్టిలో తీసేసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఆ తప్పు ఇప్పుడు ఎవరూ చేయడం లేదా, లేక చేయడమే కుదరదా? ప్యాకేజీల డాక్యుమెంట్లు /usr/doc ఫోల్డర్‌లోంచి /usr/share/doc లోకి మారింది 1999 నాటి మాట. ఈ రోజుల్లో ప్యాకేజీ కట్టడంలో సాయపడే డెబ్‌హెల్పర్ టూల్ వాటిని సరైన చోటే పెడుతుంది, కానీ చేత్తో ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఇంకా తప్పు చేయొచ్చు, అలాంటి తనిఖీ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పైథాన్ 2 అలా కాదు. డెబియన్ 12 నాటికే పైథాన్ 2.7 ప్యాకేజీ తీసేశారు, దాని మీద ఆధారపడిన ప్యాకేజీ అసలు ఇన్‌స్టాలే అవదు. ఇంక దాని గురించి సున్నితమైన హెచ్చరికలు ఎందుకు?

తీసేయడం ఒక్క లైన్ పని అనుకోకండి. ట్యాగ్ వివరణ ఉన్న ఫైల్, వెతికే కోడ్, దాన్ని పరీక్షించడానికి చేసిన బొమ్మ ప్యాకేజీ, అన్నీ చూసుకోవాలి, ఒకే మాడ్యూల్ నాలుగైదు ట్యాగులు ఇస్తుంటే ఏ ముక్క దేనిదో విడదీయాలి. ఆ తర్వాత నాలాంటివాళ్ల ఓవర్‌రైడ్ ఫైళ్లలో ఆ పేరు అనాథగా మిగిలిపోతుంది. అయినా ఈ పని చేస్తున్నవాళ్లకు నేను నిజంగా రుణపడి ఉన్నాను. ముప్పై లైన్ల ఔట్‌పుట్‌లో ఇరవై ఐదు పనికిరానివైతే మనిషి మిగతా ఐదూ చదవడు. నేనే ఒకసారి అలా కాపీరైట్ ఫైల్ మీద వచ్చిన ఎర్రర్‌ను చూడకుండా అప్‌లోడ్ చేశాను, ప్యాకేజీ తిరిగొచ్చింది.

మీకు కాలం చెల్లిన ట్యాగ్ కనిపిస్తే ఓవర్‌రైడ్ రాసి ఊరుకోకండి. బగ్ పెట్టండి, ఏ టూల్ ఏ వెర్షన్‌లో మారడం వల్ల అది అక్కర్లేకుండా పోయిందో అందులో రాయండి, ఆ ఒక్క వివరం ఉంటే తీసేసేవాళ్లకు సగం పని తగ్గుతుంది. నా ప్యాకేజీలో ఆ పాత ఓవర్‌రైడ్ తీసేశాను, మిగతావి ఈ ఆదివారం కూర్చుని చూడాలి.