బీచ్ రోడ్ రన్నర్ డాక్యుమెంటరీ: వేగం తెరమీద కనపడాలంటే

జాతీయ స్థాయిలో 10,000 మీటర్లు పరుగెత్తే కుర్రాడి మీద విశాఖ బీచ్ రోడ్డులో డాక్యుమెంటరీ తీస్తున్నాను. కిలోమీటరు రిపీట్లు, అంటే మధ్యలో ఆగుతూ మళ్లీ మళ్లీ పరుగెత్తే కిలోమీటర్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాల్లో ముగిస్తాడు. అంటే గంటకి 20 కిలోమీటర్లు. ఆ వేగం చూసేవాళ్లకి తెలియాలి, ఈ వారం పనంతా దాని మీదే.

ముందు ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక కూర్చుని పక్కనుంచి తీశాను. పొగ, ఇంజన్ చప్పుడు లేవు. ఫుటేజ్ నున్నగా వచ్చింది, కానీ జాగింగ్ చేస్తున్నట్టే ఉంది. కెమెరా కూడా అదే వేగంతో పోతోంది, వెనకున్న సముద్రమేమో కదిలినట్టే అనిపించదు. పైగా మంచి రన్నర్‌కి భుజాలు, తల ఊగవు.

అందుకే స్కూటర్‌ని సముద్రం వైపుకి మార్చాం. ఇప్పుడు వెనక కరెంటు స్తంభాలు, చెట్లు, గోడలు గబగబా వెనక్కి పోతున్నాయి. పొద్దుటి ఎండ కూడా నేరుగా ముఖం మీద పడుతోంది. ఇంతకన్నా బాగా పనిచేసింది ట్రైపాడ్. మోకాలి ఎత్తులో పెట్టి, కెమెరా తిప్పకుండా వదిలేశాను. మార్నింగ్ వాకర్లు నడుస్తున్న ఫ్రేములోంచి అతను దూసుకుపోతే, ఇక ఏ అంకెలూ చెప్పక్కర్లేదు.

సెకనుకి 25 ఫ్రేములకి షట్టర్ 1/50 సెకను, పాదాల దగ్గర కాస్త మసక ఉండాలి. ఎండెక్కాక వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. నిమిషానికి 180 అడుగులంటే ఒక్కో అడుగుకి ఎనిమిది ఫ్రేములే, పాదం ఎలా ఆనుతుందో తెలియదు. దానికోసం 100 ఫ్రేముల్లో, 1/200 షట్టర్‌తో తీసిన షాట్ ఒక్కటే ఉంచుతాను. స్లో మోషన్ ఎక్కువైతే వేగం చచ్చిపోతుంది.

నేవీ ప్రాంతం కాబట్టి డ్రోన్ ఆలోచన మానేశాను. ఏసీ గదిలోంచి తెస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, అందుకే బ్యాగ్ రాత్రే వరండాలో పెడుతున్నాను. షూట్ అయ్యాక ఉప్పుతేమ పోయేలా తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో కెమెరా బాడీ తుడవాలి.

ఇంటర్వ్యూలో కోచ్‌గారు శివ్‌నాథ్ సింగ్ గురించి చెప్పారు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించి, నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచిన జాతీయ రికార్డు పెట్టారాయన. కిలోమీటరుకి దాదాపు 3 నిమిషాల 8 సెకన్ల చొప్పున, 42 కిలోమీటర్లు! ఈ మాట వాకర్ల షాట్ మీద వినిపిస్తాను.

సౌండ్ ఇంకా మిగిలుంది. బీచ్‌లో గాలి హోరే వస్తోంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు గాలి హోరు ఆపే బొచ్చు కవర్ వేసిన కాలర్ మైక్‌తో ఊపిరి రికార్డు చేయాలి, అదీ కోచ్‌గారు ఈజీ రన్ (నెమ్మది పరుగు) ఇచ్చిన రోజునే.