కమాండర్ బ్రేకుల పని

శనివారం.

మా పాత మహీంద్రా కమాండర్‌కు ముందు చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్కులు బిగించే పని ఈ సాయంత్రానికి పూర్తయింది. డ్రమ్ము బ్రేకులో షూలనే వంపు ముక్కలు గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపుతాయి, డిస్కు బ్రేకులో ప్యాడ్లు పళ్లెం లాంటి డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కనుక కొన్నప్పుడే దీన్ని అడవి దారుల్లో తిప్పాలని, రాత్రిపూట అందులోనే పడుకునే ఏర్పాటు చేసుకోవాలని అనుకున్నాం. వెనుక ఎదురెదురు బెంచీలున్న చోట మడత మంచం, దాని కింద సామాన్ల అరలు, ఒక మూల 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఇంకో మూల అదనపు బ్యాటరీ చేరాయి. ఇంటికి వచ్చిన బంధువులు మంచం విప్పి చూస్తారు, పొయ్యి ఎక్కడ పెడతారని అడుగుతారు, పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. బ్రేకుల మాట ఎత్తినవారు మాత్రం ఇంతవరకు లేరు. చేరిన ప్రతి వస్తువూ బరువే కదా. నీళ్ల ట్యాంకు ఒక్కటి నిండితేనే 60 కిలోలు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండి మీద ఇంత బరువు వేసుకుని ఘాట్ రోడ్డు దిగడం నాకు మనసొప్పని పని.

ఒకసారి ఆపడానికి డ్రమ్ములు చాలు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్ల మధ్య, షూలు సరిగ్గా సర్దిన జీపు బ్రేకు మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. చిక్కంతా పదే పదే తొక్కాల్సి వచ్చినప్పుడే వస్తుంది. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో ఒక బ్రేకు చల్లారకముందే మరో బ్రేకు తొక్కక తప్పదు. రెండు టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు నుంచి అదే వేగంతో కిందికి దిగిందంటే, దాదాపు 20 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఆరేడు లీటర్ల నీళ్లను మరిగే దాకా తేగల వేడి అది. ఇంజన్, గాలి అందులో కొంత పంచుకుంటాయి, మిగిలింది బ్రేకుల వంతు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, కాబట్టి పెడల్ మునుపటికన్నా లోతుగా వెళ్తుంది. దానికి తోడు కాలిన లైనింగు (షూ మీది రాపిడి పొర) పట్టు తగ్గుతుంది. డిస్కు గాలిలో బయటికే ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది. వాగు దాటినప్పుడు డ్రమ్ములో చేరిన నీళ్లు, బురద పోయేదాకా కాలు ఆనించి నడపాల్సి వచ్చే బెడద కూడా ముందు చక్రాలకు ఇక ఉండదు.

అయితే డిస్కులు కొని బిగిస్తే పని అయిపోతుందనుకునేవారికి ఈ బండి మంచి పాఠం చెబుతుంది, ఎందుకంటే ఇందులో ఒక్క భాగాన్ని కదిలిస్తే దాని వెనుక నాలుగు కదులుతాయి. డ్రమ్ములో ముందు వైపు షూను తిరిగే డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది, అందువల్ల కాలి బలం కొంత మిగులుతుంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్లను ఎంత నొక్కితే అంతే పట్టు. అంటే కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిస్టన్, డ్రమ్ములో షూలను నెట్టే వీల్ సిలిండర్ కన్నా పెద్దది కనుక ఎక్కువ ఆయిల్ అడుగుతుంది. అంటే పెడల్ తొక్కగానే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కూడా పెరగాలి. దాన్ని ఎలాగూ మారుస్తున్నాం కనుక ముందు చక్రాలకు ఒక లైను, వెనుక చక్రాలకు ఒక లైను వేర్వేరుగా ఉండే టాండెమ్ సిలిండరే తీసుకున్నాను. ఒక పైపు పగిలినా రెండోది బండిని ఆపుతుంది. పాత డ్రమ్ము మాస్టర్ సిలిండర్లలో పైపులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా ఒక చిన్న వాల్వు పెడతారు. డ్రమ్ములకు అది అవసరం, ఎందుకంటే అది లేకపోతే వీల్ సిలిండర్ రబ్బర్లు వదులై గాలి పీలుస్తాయి. అదే వాల్వు డిస్కు లైనులో ఉండిపోతే ప్యాడ్లు డిస్కును వదలవు, బండి రోజంతా సగం బ్రేకు మీదే నడుస్తుంది. రాణీగంజ్‌లో సామాను తీసుకునేటప్పుడు నేను దుకాణదారుణ్ణి అన్నిటికన్నా ఎక్కువగా విసిగించింది ఈ వాల్వు గురించే. ఆయన ఓపిగ్గా సిలిండర్ నోటిలోకి టార్చి వేసి, ముందు లైనుకు వాల్వు లేదని, వెనుక లైనుకు ఉందని చూపించాడు.

ఇంకో చిక్కు డీజిల్ ఇంజన్ వల్ల వచ్చింది. పెట్రోలు ఇంజన్‌లో గాలి దారిని థ్రాటిల్ మూస్తుంది కనుక మానిఫోల్డులో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో) వ్యాక్యూమ్ దానంతటదే పుడుతుంది, బూస్టర్ దాన్ని వాడుకుంటుంది. డీజిల్‌లో ఆ మూత లేదు. కాబట్టి వెనుక భాగంలోనే వ్యాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) వేయాల్సి వచ్చింది, దానికి ఇంజన్ ఆయిల్ పైపులు రెండు కలపాల్సి వచ్చింది. బ్రేకు కోసం బయలుదేరి ఆల్టర్నేటర్ కొనుక్కొచ్చానని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతోంది. చెప్పనీ.

పొద్దున వనస్థలిపురం ఆటోనగర్ చేరేసరికి మేస్త్రీ షెడ్డు తలుపు తీసి ఉంది. ముందు చక్రాలు ఊడదీసి డ్రమ్ము లాగగానే లోపల నల్లటి పొడి పేరుకుని కనిపించింది. కుర్రవాడు కంప్రెషర్ గొట్టం అందుకోబోతే మేస్త్రీయే ఆపి, నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిపించాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ పొడిని గాలిలోకి ఊదకూడదు. చాలా షెడ్లలో ఇది పట్టించుకోరు, ఇక్కడ పట్టించుకున్నందుకు సంతోషించాను. బ్రాకెట్లు, డిస్కు, క్యాలిపర్ కుదిరాక చక్రం ఎక్కించి, క్యాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య హ్యాక్సా బ్లేడు దూర్చి, చక్రాన్ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. బ్లేడు ఎక్కడా పట్టుకోలేదు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, రబ్బరు హోసు టైరుకు గానీ స్ప్రింగుకు గానీ తగలడం లేదని కూడా చూశాం. ఈ చివరి పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. చేయకపోతే ఏదో ఒక గుంతలో హోసు తెగే దాకా సంగతి తెలియదు.

మధ్యాహ్నమంతా బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడంతోనే గడిచింది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో వచ్చాం. నేను సీట్లో, మేస్త్రీ బండి కింద. "గట్టిగ తొక్కి పట్టుండ్రి సార్, నేను చెప్పేదాక ఇడువకుండ్రి" అని అతను కింది నుంచి అరవడం, చక్రం దగ్గరి నిప్పల్ (గాలి బయటికి వదిలే స్క్రూ) వదులు చేయగానే నా కాలు నేలకు దిగడం, మళ్లీ బిగించాక నేను కాలు తీయడం. మొదట సీసాలోకి వచ్చిన ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది, దాంతోపాటు బుడగలు గుంపులుగా వచ్చాయి. పోను పోను రంగు తేలి, చివరికి బుడగ లేకుండా ధార వచ్చింది. బ్రేకు ఆయిల్‌కు తేమ పీల్చే గుణం ఉంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఘాట్ మధ్యలో ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది కాబట్టి పెడల్ ఉత్తినే కిందికి పోతుంది. అందుకే డాట్ 4 పోయించాను, రెండేళ్లకోసారి మార్పించాలని డబ్బా మూత మీద తేదీ రాయించాను.

బూస్టర్ పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి చాలా సులువు. ఇంజన్ ఆపి పెడల్ రాయిలా గట్టిపడేదాకా కొన్నిసార్లు తొక్కాలి, కాలు అలాగే ఆనించి ఇంజన్ స్టార్ట్ చేయాలి. వ్యాక్యూమ్ అందగానే పెడల్ కాలి కింద కొంచెం లోపలికి జారుతుంది. జారింది. మేస్త్రీ నా ముఖం చూసి నవ్వాడు.

తర్వాత హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు ఖాళీగా ఉన్న చోట ప్యాడ్లను అలవాటు చేశాం. 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు తగ్గించడం, బండిని పూర్తిగా ఆపకుండానే మళ్లీ వేగం పెంచడం, మధ్యలో చల్లారనివ్వడం. వేడెక్కిన ప్యాడును డిస్కు మీద నొక్కి అలాగే నిలిపితే ఆ ఒక్కచోట పదార్థం అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుందని కొత్త ప్యాడ్లతో పూర్తిగా ఆపరు. మొదట్లో పట్టు అంతంత మాత్రంగానే ఉంది, క్రమంగా కాలికి తెలిసేలా కుదురుకుంది. వాసన కొంచెం వచ్చింది, అది సహజమే. బండి ఎడమకు గానీ కుడికి గానీ లాగలేదు. రెండు ముందు డిస్కుల వేడిని చేతి థర్మామీటర్‌తో చూస్తే తేడా పెద్దగా లేదు, కాబట్టి ఏ క్యాలిపరూ పట్టేసి లేదని అర్థమైంది.

తిరుగు దారిలో మేస్త్రీ అన్న మాట నాకు నచ్చింది: "ఎక్కిన గేరుల్నే దిగాలె సార్, డిస్కులేసినమని న్యూట్రల్‌ల దిగొద్దు." మా బండికి ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టెలో) లో గేరు కూడా ఉంది కనుక ఏటవాలు మట్టిదారి మీద వేగాన్ని ఇంజన్ పట్టుకుంటుంది, బ్రేకులకు పని తగ్గుతుంది.

వెనుక డ్రమ్ములను అలాగే ఉంచాను. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక వెనుక చక్రాలకు ఎక్కువ పట్టు ఇస్తే అవే ముందుగా లాక్ అయి బండి తోక తిప్పుతుంది. తడి రోడ్డు మీద అంతకన్నా ప్రమాదం లేదు. మంచం, నీళ్లు, సామాను అన్నీ ఎక్కించిన రోజు వెనుక ఇరుసు మీద బరువు ఒకలా, ఖాళీ రోజు ఇంకోలా ఉంటుంది. పికప్ బండ్లలో ఈ తేడాను బట్టి వెనుక ఒత్తిడిని తగ్గించి పెంచే వాల్వు ఇరుసు దగ్గర ఉంటుంది. అలాంటిది ఇందులో పెట్టడం కుదురుతుందా అని మేస్త్రీని అడిగాను, ముందు ట్యాంకు నింపి, సామాను ఎక్కించి ఒకసారి తీసుకురమ్మన్నాడు.

కాగితాల సంగతి ఇంకా మిగిలే ఉంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. మా కమాండర్ ఆ దశలోనే ఉంది. ఈ మార్పు, బండిలో చేసే మార్పులకు సంబంధించిన 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుందేమో ఆర్‌టీఏలో అడగాలి, సామాను రసీదులన్నీ ఒక కవర్లో పెట్టాను. సోమవారం ఉదయం చక్రాల నట్లు, క్యాలిపర్ బోల్టులు మరోసారి బిగించి చూడాలి, మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ మట్టం గీత దగ్గరే ఉందో లేదో చూడాలి.