వంద లీటర్ల ఇల్లు

మా నల్లకుంట సందులోకి ఆ బండి పట్టలేదు. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. పైన కరెంటు తీగలు, ఎదురింటివారి కొబ్బరి మట్టలు. మా బావమరిది దాన్ని పెద్ద రోడ్డు మీద మందుల దుకాణం ముందు ఆపి, బియ్యం మూట దగ్గర నుంచి కుక్కరు దాకా అన్నీ మా చేతే మోయించాడు. దారిన పోయే ఒకాయన ఆగి, ఇది రక్తదానం బండా అని అడిగాడు. ఇంకొకాయన టిఫిన్లు ఎన్ని గంటలకు మొదలుపెడతారో కనుక్కున్నాడు.

పాత వ్యాను అది. బాలానగర్‌లో ఒక షెడ్డులో ఆరు నెలలు పని చేయించి ఇల్లుగా మార్చాడు. అందులో ముగ్గురం లదాఖ్‌లోని లేహ్ దాకా వెళ్లాలని. పడుకోవడానికి మూడు పరుపులు, ఒక వంటగట్టు, కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలే మరుగుదొడ్డి, పైకప్పు మీద సోలార్ పలకలు, సోఫా కింద వంద లీటర్ల నీళ్ల ట్యాంకు.

"వంద లీటర్లు మూడు రోజులకు హాయిగా సరిపోతాయి అక్కా" అన్నాడు.

మా ఆవిడ నమ్మలేదు. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితమే కానీ, ఏప్రిల్ వస్తే మా వాకిట్లో ట్యాంకరు కోసం ఎదురుచూపులు తప్పవు. డ్రైవరుకు ఫోను చేసి బతిమాలే పని ముప్ఫై ఏళ్లుగా ఆమెదే. కొత్త నోటు పుస్తకం కొని, పెన్సిలుకు దారం కట్టి సింకు పక్కన వేలాడదీసింది. మొదటి పేజీలో "స్నానం: మనిషికి 5 లీ." అని రాసి కింద గీత గీసింది.

మనాలి దాకా ఆరు రోజులు పట్టింది. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే అంబాలా దాకా దాదాపు అదే దారి కాబట్టి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి వెళ్లేలా రోడ్డునే పైకి ఎత్తి కట్టారు. అక్కడ ఒక్క జింకైనా కనబడకపోతుందా అని కిటికీకి అతుక్కుపోయాను. కనబడలేదు. దారిలో పెట్రోలు బంకుల్లో నీళ్లు దొరికాయి, నోటు పుస్తకం ఖాళీగానే ఉంది.

మనాలి దాటాక వచ్చే అటల్ సొరంగం 9.02 కిలోమీటర్లు. ఇవతల దేవదారు చెట్లు, తడి గోడలు, నాచు. పది పదిహేను నిమిషాల తర్వాత అవతల తేలితే చెట్టూచేమా లేని గోధుమరంగు కొండలు. రుతుపవన మేఘాలు మోసుకొచ్చిన నీళ్లన్నీ ఇవతలి వాలు మీదే దించేసుకుంటాయి, అటు దాటేసరికి వాటి దగ్గర ఏమీ మిగలదు. లేహ్‌లో ఏడాదంతా కలిపి కురిసే వాన పది సెంటీమీటర్ల చిల్లర. ఆ లెక్క మన హైదరాబాద్‌లో ఒక్క రాత్రిలో తీరిపోయిన సందర్భాలు ఉన్నాయి.

తాండి దగ్గర చంద్రా, భాగా నదులు కలుస్తాయి. అక్కడి పెట్రోలు బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన బోర్డు ప్రసిద్ధమైనది. అందరూ దాని కింద నిలబడి ఫొటోలు దిగుతుంటే మా ఆవిడ బంకు కుర్రాణ్ణి నీళ్ల పంపు ఎక్కడ ఉందని అడుగుతోంది.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలని జిస్పాలో రెండు రాత్రులు ఆగాం. భాగా నది పక్కనే, సుమారు 3,200 మీటర్ల ఎత్తు. హైదరాబాద్ 540 దగ్గర ఉంటుంది. మూడో రోజు తెల్లవారుజామునే బయలుదేరి, సర్చూలో ఆగకుండా రాత్రికి లేహ్ చేరాలన్నది మా ఆలోచన. మరీ ఎత్తు కాబట్టి సర్చూలో పడుకోవద్దని దారి పొడవునా అందరూ చెప్పారు.

కానీ ఉదయమంతా ఒక లారీ దారికి అడ్డంగా ఇరుక్కుపోయింది. దారి తెరిచేసరికి మధ్యాహ్నం రెండు. అప్పటికి ఎండకు మంచు కరిగి, ముందున్న వాగు రోడ్డు మీదుగా మోకాలి లోతున ఉరుకుతోంది. ఎడారిలో నీళ్లు లేక ఆగిపోతామని భయపడ్డాం కానీ, నీళ్లే అడ్డొచ్చి ఆగిపోతామని ఎవరం అనుకోలేదు. వాగు కాస్త తగ్గాక బావమరిది బండి దిగి, రాళ్లు ఎక్కడున్నాయో కాలితో తడిమి చూసి, అప్పుడు దాటించాడు. బారాలాచా కనుమ ఎక్కి దిగేసరికి చీకటి పడింది. వద్దన్న సర్చూలోనే ఆగాం, 4,290 మీటర్ల దగ్గర.

కందిపొడి, గోంగూర ఉన్నాయి, అన్నం ఒక్కటి వండితే చాలనుకున్నాం. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. తెర్లుతున్నట్టే కనబడతాయి, బియ్యం మాత్రం ఉడకదు. కుక్కరు మూత పెట్టి, ఇంటి దగ్గర మూడు విజిళ్లకు దించే అన్నాన్ని ఎనిమిది దాకా ఉంచాం. అయినా మెతుకు నడుమ పలుకు. ముగ్గురికీ తలనొప్పి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నిద్ర పట్టడం, ఊపిరి చాలక ఉలిక్కిపడి లేవడం, మళ్లీ పట్టడం, రాత్రంతా ఇదే వరస. నక్షత్రాలు అద్భుతంగా ఉంటాయంటారు. నేను తలుపు తీసి చూసి, చలికి వెంటనే మూసేశాను.

పొద్దున కుళాయి తిప్పితే పంపు గీపెట్టింది తప్ప చుక్క రాలేదు. ట్యాంకు లోపలే ఉంది కాబట్టి బాగానే ఉంది, బండి అడుగు నుంచి సింకుకు వచ్చే గొట్టం గడ్డకట్టింది. బాలానగర్ మేస్త్రీకి ఆ సంగతి తట్టే అవకాశమే లేదు, పాపం. గ్యాసు మంట కూడా ఒత్తి తగ్గించిన దీపంలా అయిపోయింది. సిలిండర్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. సీసాల్లో దాచిన రెండు లీటర్లతో కాఫీ అయింది, పళ్లు తోమడం సగం అయింది. పది గంటలకు ఎండ బండి అడుగుకు చేరాక, గొట్టంలో ఏదో గులకరాయి కదిలిన చప్పుడై, సింకులో మంచు పలుకులు రాలి, వాటి వెనక నీళ్లు వచ్చాయి. మా ఆవిడ వెంటనే కుళాయి కట్టేసి నోటు పుస్తకం అందుకుంది. మిగిలింది 38 లీటర్లు.

సర్చూ దాటాక గాటా లూప్స్, 21 మలుపుల ఎక్కుడు. అక్కడ ఒక మలుపులో చిన్న గుడిలాంటిది ఉంది, చుట్టూ వందల నీళ్ల సీసాలు. ఎప్పుడో మంచులో లారీ చెడిపోతే డ్రైవరు సాయం కోసం వెళ్లాడట. కాపలా ఉన్న క్లీనరు చలికీ దాహానికీ చనిపోయాడట. ఇప్పటికీ వచ్చేపోయేవాళ్లను నీళ్లు అడుగుతాడని చెప్పుకుంటారు. ఇలాంటి కథలకు నేను నవ్వుతాను. మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, మాకు కూడా ఇవ్వకుండా దాచిన లీటరు సీసా తెచ్చి, మూత వదులు చేసి అక్కడ పెట్టింది. దాన్ని పుస్తకంలో ఏ పద్దు కింద రాసిందో నేను అడగలేదు.

మోరే మైదానం మీద నలభై కిలోమీటర్లు బల్లపరుపు దారి, దూరంగా గొర్రెల మంద. తంగ్‌లాంగ్ కనుమ మీద పది నిమిషాలకు మించి నిలబడలేకపోయాం. సాయంత్రానికి ఉప్షీ దగ్గర సింధు నది కనబడింది. ఆకుపచ్చగా, చప్పుడు చేస్తూ, లెక్కాపత్రం లేనన్ని నీళ్లు.

నాలుగు రోజులుగా స్నానం లేదు. మా నాన్నగారు రోజూ నూతి దగ్గర చెంబు ఎత్తుతూ చదివే శ్లోకంలో గంగా యమునల తర్వాత గోదావరి, సరస్వతి, నర్మద, ఆ తర్వాత సింధు వస్తాయి. హైదరాబాద్‌లో నేను నల్లా నీళ్లలోకి పిలిచిన నదిని ఇక్కడ ఎదురుగా పెట్టుకుని ఊరుకుంటే ఎలా అనిపించి, చొక్కా విప్పి, చెంబు ముంచాను.

"బావా, వద్దు" అన్నాడు బావమరిది.

గంగ పేరు చెప్పి నెత్తిన పోసుకున్నాను. యమున దాకా కూడా రాలేదు, నోరు పడిపోయింది. సింధు ఆరో పేరు.