దారి మలుపు తిరిగిన చోటు

మెల్‌బోర్న్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌గా నేను చేసిన పనులన్నిటిలోకీ నాకు ఎక్కువ నేర్పినది, విక్టోరియా రాష్ట్రపు నైరుతి మూలన, ఒక ఆదిమవాసుల వారసత్వ స్థలంలో సందర్శకుల కోసం రూపొందించిన నడకదారి. దాని పేరు రాయడానికి అక్కడివారి అనుమతి నేను తీసుకోలేదు కనుక రాయడం లేదు.

గీతలు గీయడానికి ముందు, ఆ నైరుతి ప్రాంతంలోనే ఉన్న బుడ్జ్ బిమ్ అనే వారసత్వ స్థలం చూసి వచ్చాను. లావా గడ్డకట్టిన నల్లరాతి నేలలో అక్కడి ఆదిమవాసులైన గుండిట్జ్‌మారా ప్రజలు కాలువలు, రాతి అడ్డుకట్టలు కట్టి, ఈల్ చేపలను మళ్లించి, నిలవ ఉంచి, కావలసినప్పుడు పట్టుకునేవారు. కనీసం 6,600 ఏళ్ల నాటి ఆ ఏర్పాటును 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదట నాకు అక్కడ చెదిరిన రాళ్లే కనిపించాయి. నీరు ఎటునుంచి వస్తుందో మా వెంట ఉన్నవారు చేయి చాచి చూపగానే ఆ రాళ్లన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. మా దారి కూడా నీటి వాలు వెంటే నడవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నా తొలి నక్షాలో పన్నెండు సమాచార ఫలకాలు, చిత్తడినేల అంతా కనిపించే ఒక మలుపు ఉన్నాయి. ఆ నక్షా పట్టుకుని ఒక పెద్దావిడతో కలిసి నేలంతా నడిచాను. అక్కడ పెద్దలను గౌరవంగా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు; ఆ పిలుపు నా నోటికి అలవాటైనదే కావడంతో బెరుకు కొంత తగ్గింది. నాకెంతో ఇష్టమైన ఆ మలుపు దగ్గర ఆవిడ ఆగి, దారి ఇటు రాకూడదన్నారు. కారణం చెప్పలేదు. ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నిర్ణయించే హక్కు వారిదే కనుక నేనూ అడగలేదు. ఇంకో దేశం నుంచి వచ్చి వారి నేల మీద బతుకుతున్న నాకు ఆ హక్కును గుర్తించడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

దారిని వెనక్కి జరిపాం. నేలను తవ్వకుండా, పైన ఆనించిన దిమ్మెల మీద జాలీ పలకలు పరిచాం. చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం వాలు 1:20 (ఇరవై మీటర్ల నడకకు ఒక మీటరు ఎత్తు) దాటకుండా చూడటంతో నడక పొడవు పెరిగింది. మధ్యలో ఆగే చోట్లు నీటి చప్పుడు వినిపించే దగ్గర కుదిరాయి. ఫలకాలు చివరికి నాలుగే మిగిలాయి, వాటి మీద వారి భాష ముందు, ఇంగ్లీషు తరువాత. చివరి బల్లను, ఆంటీ చెప్పినట్లే, ఆ మలుపు వైపు వీపు ఉండేలా, నీరు వచ్చే దిక్కుకు తిప్పి వేశాం.