పాస్తాకు అత్తెసరు

నేను కాజీపేటలో రైలు దిగేసరికి ఏడవుతుంది. అక్కడి నుంచి ఆటోలో నక్కలగుట్టకు వచ్చి, కాళ్లు కడుక్కుని వంటింట్లో అడుగు పెట్టేసరికి ఏడున్నర. మా చిన్నవాడికి ఎనిమిదిన్నరకల్లా కళ్లు మూతలు పడతాయి. జనగామలో ఉద్యోగంలో చేరిన ఈ నాలుగేళ్లూ నా రాత్రి వంటకు దొరికేది ఆ గంటే. మిగతా రోజులు అన్నం, పొద్దున చేసిపెట్టిన పప్పు, ఏదో ఒక వేపుడుతో గడిచిపోతాయి. గురువారం మాత్రం పాస్తా. పిల్లలు అడిగారని మొదలుపెట్టాను, ఇప్పుడు ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు.

మొదటిసారి ప్యాకెట్ మీద రాసి ఉన్నట్టే చేశాను. పెద్ద గిన్నె నిండా నీళ్లు మరిగించి, పాస్తా ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చాను. ఇంకో పొయ్యి మీద టమాటా గుజ్జు, పక్కన మూకుడులో కూరగాయలు. నాలుగు గిన్నెలు అంటుపడ్డాయి. తెల్లగా, చిక్కగా ఉన్న వేడినీళ్లు సింకులోకి పోతుంటే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"గంజి పారబోశావా బిడ్డా?"

ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. అత్తమ్మది పరకాల వైపు పల్లె. చిన్నప్పుడు పొద్దున్నే ఇంత ఉప్పు, ఒక ఉల్లిగడ్డ ముక్కతో గంజి తాగి పొలానికి వెళ్లినవారు. మిగిలిన గంజిని బట్టలకు పెట్టేవారట, పశువుల కుడితిలో కలిపేవారట. ఏ రోజూ మట్టిలో పోయలేదు. నేను కుక్కరు వచ్చాక పుట్టినదాన్ని, గంజి వార్చడం మా అమ్మమ్మ ఇంట్లో చూడటమే. ఏం చెప్పాలో తోచక, ఈ వంట ఇలాగే చేస్తారు అత్తమ్మా అన్నాను. ఆమె ఒక పాస్తా ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, "రవ్వతో చేసిందే కదా. ఎంత నీరు తాగుతుందో అంతే పెట్టు. అత్తెసరు పెట్టు" అన్నారు.

అత్తెసరు అంటే ఈ కాలం పిల్లలకు మార్కులే గుర్తుకొస్తాయి. అసలు అది వంటింటి మాట. గంజి వార్చే పని లేకుండా, గింజ తాగే నీటిని లెక్కగా పెట్టి, ఆ నీరంతా ఇంకిపోయేలా అన్నం వండటం. నీరు ఎక్కువైతే అన్నం మెత్తబడుతుంది, తక్కువైతే అడుగంటుతుంది. ఈ లెక్క తెలిసిన చేతికి సేమియా ఉప్మా అయినా, కిచిడీ అయినా, పాస్తా అయినా ఒక్కటే. 'ఒకే గిన్నె పాస్తా' అని ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించేది ఇదే పద్ధతి. ఇటలీలోనూ బియ్యంతో చేసే రిసొట్టోలాగా పాస్తాను కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ వండే పద్ధతి ఉంది, దాన్ని రిసొట్టాతా అంటారు. విడిగా ఉడికించేవారు కూడా ఆ నీళ్లన్నీ పారబోయరు. ఒక కప్పు పక్కన పెట్టుకుని టమాటా గుజ్జులో కలుపుతారు, ఎందుకంటే చిక్కదనం ఇచ్చే పిండి పదార్థం అందులోకి దిగుతుంది. దాన్ని సింకులో పోసి, తర్వాత చిక్కదనం కోసం కొన్న క్రీము డబ్బా విప్పడం ఎంత అనవసరమో నాకు ఆ రోజే అర్థమైంది. అత్తమ్మ బాధకు కారణం ఉంది.

మా ఐదుగురికి 300 గ్రాముల పెన్నే, అంటే గొట్టాల్లా ఉండే పాస్తా, సరిపోతుంది. నీళ్లు పావు లీటరు పట్టే స్టీలు గ్లాసుతో మూడున్నర గ్లాసులు. టమాటాల్లో ఊరే నీరు దీనికి అదనం. గిన్నె వెడల్పుగా ఉంటే నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఇంకో అర గ్లాసు వేడినీళ్లు పక్కన ఉంచుకుంటాను. గిన్నె అడుగు మందంగా ఉండాలి. మా ఇంట్లో సర్వపిండి ఒత్తే పాత గంజు ఒకటి ఉంది, అదే దీనికీ వాడతాను.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినదే తీసుకోండి. డ్యూరమ్ గట్టి గోధుమ, మన దుకాణాల్లో బన్సీ రవ్వ అని అమ్మేది దాని నుంచి తీసిందే. మైదా కలిసిన చవక పాస్తా విడిగా ఉడికించి వార్చితే ఎలాగో ఒకలా నిలుస్తుంది కానీ, ఒకే గిన్నెలో ఉడికిస్తే జిగురు ముద్ద అవుతుంది. నేను ఒకసారి అలా నష్టపోయాను, పిల్లలు ముట్టలేదు.

గంజులో మూడు చెంచాల పల్లీ నూనె కాగాక, దంచిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు వేస్తాను. అవి బంగారు రంగుకు తిరగకముందే రెండు ఉల్లిగడ్డల తరుగు పడాలి, వెల్లుల్లి మాడితే వంటంతా చేదెక్కుతుంది. ఉల్లి మెత్తబడ్డాక ఐదు టమాటాలు, ఉప్పు. ఉప్పు ఇక్కడ కొంచెం తగ్గించాలి, నీరు ఇంకేకొద్దీ అది పైకి తేలుతుంది. తర్వాత క్యారెట్, మొక్కజొన్న గింజలు. క్యాప్సికం మాత్రం చివర్లో, లేకపోతే రంగు చస్తుంది.

ఇక కారం. ఇది మా ఊరి సంగతి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే మిర్చి ఘాటుకు కళ్లు మండుతాయి. ఆ రాశుల్లోనే చపాటా మిర్చి కూడా వస్తుంది. లావుగా, గుండ్రంగా, ఎండినా టమాటాలా కనిపిస్తుంది, అందుకే టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. ఎర్రని ఎరుపు, కానీ కారం చాలా తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్తమ్మ ప్రతి ఏడూ ఊరగాయ కోసం తెప్పించి, ఎండబెట్టి, విడిగా పట్టిస్తారు. ఆ పొడి రెండు చెంచాలు వేస్తే గంజులో నూనె ఎర్రబడి తేలుతుంది, చిన్నవాడు నీళ్లు అడగకుండా తింటాడు. దుకాణంలో సీసాల్లో అమ్మే పాస్తా సాసుకు ఆ రంగు నేను ఇంతవరకు చూడలేదు.

ఒరేగానో పొట్లాల బదులు మా బాల్కనీ కుండీలోని వాము ఆకులు రెండు సన్నగా తరిగి వేస్తాను. ఈ మొక్కను బయటి దేశాల్లో క్యూబన్ ఒరేగానో అంటారు, రెండింటి వాసనా దగ్గర దగ్గరగా ఉంటుంది. రెండు ఆకులు చాలు, మూడోది వేస్తే కషాయం గుర్తుకొస్తుంది.

నీళ్లు పోసి, ఎసరు తెర్లుతుండగా పాస్తా వేసి, మూత సగం వారగా పెట్టి, మధ్యస్థమైన సెగ మీద ఉడికిస్తాను. ప్యాకెట్ మీద పదకొండు నిమిషాలని ఉంటే దీనికి పదమూడు, పద్నాలుగు పడుతుంది. రెండు నిమిషాలకు ఒకసారి గరిటె అడుగు దాకా పోవాలి. అడుగున నురుగు చిన్న చిన్న బుడగలుగా మొదలై, చివరికి లావుపాటి బుడగలు బొబ్బల్లా లేచి ఠప్పున పగులుతాయి. ఆ చప్పుడు మారిందంటే నీరు ఇంకి గుజ్జు చిక్కబడిందన్నమాట. అప్పుడు ఒక ముక్క కొరికి చూస్తాను. ఇటలీ వాళ్లు అల్ దెంతే అంటారు, పంటికి తగలాలని అర్థం. దానికి మనకు అంతకన్నా చిన్న మాట ఉంది: పలుకు. పెళ్లి భోజనంలో అన్నం పలుకుగా ఉందంటామే, అదే.

పాలు మాత్రం పోయకండి. టమాటా పులుపుకు విరిగి తెల్లని తునకలు తేలుతాయి. పొయ్యి కట్టేశాక, గిన్నె కాస్త చల్లారనిచ్చి, పాల మీది మీగడ నాలుగు చెంచాలు గిలకొట్టి కలుపుతాను. అది విరగదు.

పిల్లలకూ మా ఆయనకూ పలుకుగా వడ్డించాక, అత్తమ్మ వాటా గంజులోనే ఉంచి, పక్కన పెట్టిన వేడినీళ్లు కాసిని పోసి, మూత పెట్టి ఇంకో నాలుగు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచుతాను. ఆమెకు కింది పళ్లు లేవు, మెత్తగా ఉండాలి. ఒకే గిన్నెలో రెండు రకాల ఉడుకు కుదరడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

పోయిన గురువారం రైలు ఘన్‌పూర్ దాటాక ఆగిపోయింది. ముప్పావు గంటైనా కదల్లేదు. పిల్లలకు పాలు, బ్రెడ్డు ఇమ్మని చెబుదామని ఇంటికి ఫోను చేశాను. "ఎసరు నేను పెడతాను, నువ్వు నిదానంగా రా" అన్నారు అత్తమ్మ. నీళ్ల కొలత చెప్పబోయాను, అప్పటికే ఫోను పెట్టేశారు.

ఎనిమిదిన్నర దాటాక తలుపు తీస్తే ఇల్లంతా కరివేపాకు వాసన. ఆమె నూనెలో ఆవాలు, కరివేపాకు వేసి పోపు పెట్టారు, వాము ఆకు మానేశారు. గ్లాసుతో కొలవలేదట, పాస్తా మీద నీరు చూపుడువేలి మొదటి గణుపు దాకా వచ్చేలా పోశారట, అన్నానికి చూసుకున్నట్టే. చిన్నవాడు నిద్రపోకుండా పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. సరిగ్గా పలుకుగా ఉంది.

గంజు అడుగున ఎర్రగా పట్టిన పొరను అత్తమ్మ అట్లకాడతో గీకి, సర్వపిండి మాడును పంచినట్టే, నా పళ్లెంలో సగం, అమ్మాయి పళ్లెంలో సగం పెట్టారు.